గంగమ్మ ఇవ్వని పువ్వు

పోయినవారం మనం పద్మప్రియను బావి మెట్ల మీద, తల్లికి ఎదురుగా, నోట మాట రాని స్థితిలో వదిలేసి వచ్చాం. చదివినవాళ్ళలో సగం మందికి ఆమె మీద కోపం వచ్చిందట, మిగతా సగానికి ఆమె తల్లి నారాయణమ్మ మీద. ఎవరినీ తప్పు పట్టలేను. నాకైతే రోజుకొకరి మీద వస్తోంది.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ధర్మవరం నేతగాళ్ళ ఇంట పుట్టి, అండమాన్ సముద్రం అడుగున తిరిగే జీవాల ఫోటోలతో పేరు తెచ్చుకున్న మనిషి పద్మప్రియ. నలభై దాటగానే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ ఆమెను పడగొట్టింది. బెంగళూరు వైద్యం ప్రాణం నిలిపింది గానీ ఊపిరితిత్తుల మీద మచ్చలు మిగిల్చింది. వీపున సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగడం ఇక ఈ జన్మకు లేదన్నాడు డాక్టరు. నిలవ నీళ్ళలో, సొంత ఊపిరితో, లోతుకు పోకుండా, ఒడ్డున తాడు పట్టుకునే మనిషి ఉంటే కాసేపు మునిగి లేవొచ్చన్నాడు. ఆ ‘కాసేపు’ను గట్టిగా పట్టుకుని ఆమె పుట్టింటికి వచ్చింది. ఏళ్ళ తరబడి ఎండిపోయిన తమ చేనిబావిలో నీళ్ళు చూసింది, నీళ్ళలో కొర్రమీను పిల్లల్ని చూసింది. దిగుతానంది. అప్పుడు బయటపెట్టింది నారాయణమ్మ తన మొక్కు సంగతి. కూతురు ఆసుపత్రిలో ఉండగా గంగమ్మకు మాటిచ్చిందట: నా బిడ్డను బతికిస్తే అది మళ్ళీ నీళ్ళలో తల ముంచదు అని. పెద్ద గొడవే జరిగింది. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. మొక్కు విడిచిపెడుతుందో లేదో గంగమ్మనే అడుగుదామని.

మరునాడు పొద్దు నడినెత్తికి రాకముందే తల్లీకూతుళ్ళు బావి దగ్గరికి చేరారు. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడిన కాలం నాటి రాతిబావి అది. బోర్లు వచ్చాక దాని మొహం చూసినవాళ్ళు లేరు. వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో అడుగున కంపచెట్లు కూడా మొలిచాయి. కాలువ నీళ్ళు ఊరి చెరువుకు చేరినప్పటి నుంచి ఊట పైకొచ్చి ఇప్పుడు సగం మెట్లు మునిగాయి. చెరువు అలుగు పారినప్పుడు ఏ వంకలోంచి ఎదురెక్కి వచ్చిందో, ఒక కొర్రమీను జంట ఇందులో సంసారం పెట్టింది. పిల్లలు గుంపుగా ఉండేది కొన్నాళ్ళే. ఆ తర్వాత ఎవరి బతుకు వారిదిగా చెదిరిపోతాయి. పద్మప్రియ తొందరంతా అందుకే.

నీళ్ళకు కాస్త ఎగువన, మెట్ల పక్క గోడలో చిన్న గూడు. అందులో పసుపు పూసిన రాయి గంగమ్మ. ఈ వైపు ఊళ్ళలో దేవరను అడగడానికి పెద్ద తతంగమేమీ అక్కర్లేదు. రాయిని కడిగి, రెండు పువ్వులు తడిపి, కుడివైపొకటి ఎడమవైపొకటి అంటించి, అడగాల్సింది పైకి అడిగి కూర్చుంటారు. కుడిపువ్వు ముందు రాలితే సరేనని, ఎడమపువ్వు రాలితే వద్దని. పెళ్ళి సంబంధం దగ్గర్నుంచి బోరు ఎక్కడ వెయ్యాలన్నదాకా అన్నీ ఇట్లా తేల్చుకున్నవాళ్ళే. బోర్ల విషయంలో గంగమ్మ మాట ఎన్నిసార్లు తప్పిందో చెప్పడం కష్టం. అయినా అడగడం ఎవరూ మానలేదు.

నారాయణమ్మ రాయి కడిగి గన్నేరు పువ్వులు అంటించింది. ఆ సమయంలో పద్మప్రియ పై మెట్టు మీద కూర్చుని, కెమెరాను నీళ్ళు చొరని పెట్టెలో అమర్చి, అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీని వేలితో తడిమి చూసుకుంటోంది. ఒక్క వెంట్రుక అడ్డం పడినా నీళ్ళు లోపలికి దూరుతాయి. కళ్ళు మూసుకుని కూడా చేయగలిగిన పని ఒకప్పుడు. ఇవాళ వేళ్ళు వణికి రెండుసార్లు మొదటికొచ్చింది.

“తల్లీ, నా కూతురు నీళ్ళల్లో దిగుతానంటాండాది. నా మొక్కు ఇడిచిపెడతావా? ఏదో ఒకటి చెప్పు,” అంది నారాయణమ్మ చేతులు జోడించి.

ఇద్దరూ కూర్చున్నారు. గోడ సందులోంచి ఒక పావురం బయటికి ఎగిరింది. పద్మప్రియకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. లేకపోయినా కళ్ళు మాత్రం ఆ కుడిపువ్వు మీదినుంచి మళ్ళడం లేదు. మాటిచ్చింది గదా, కట్టుబడాలి. రాయి మీది తడి ఆరుతూ వచ్చింది. ఎడమవైపు పువ్వు కొంచెం జారింది, ఆగింది, ఊడి కింద పడింది.

నారాయణమ్మ కళ్ళకద్దుకుని లేచింది. “ఇచ్చేసింది జవాబు. పద పాపా, ఇంటికి పోదాం.”

పద్మప్రియకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కొంచెం ఓపిక కావాలి. వెళ్ళేముందు ఆ మిగిలిన పువ్వును తీసి తలలో పెట్టుకుందామనుకుంది, ఊరికే, వచ్చినందుకు గుర్తుగా. చెయ్యి చాపి పట్టుకుంటే పువ్వు రాలేదు. ఇంకాస్త లాగితే రెక్కలు చిరిగి చేతికొచ్చాయి గానీ తొడిమ రాయిని వదల్లేదు.

వేలికి జిగటగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పుట్టినప్పటి నుంచి ఎరిగిన వాసన అది.

“అమ్మా, ఇది గంజి.”

నారాయణమ్మ వెనక్కి తిరగలేదు.

“తుమ్మజిగురు కలిపి పడుగు పోగులకు రాసే గంజి. ఈడికొచ్చి రాసినావా, ఇంట్లోనే రాసుకోని వచ్చినావా?”

“ఇంట్లోనే,” అంది నారాయణమ్మ. అబద్ధం ఆడటం ఆమెకు బొత్తిగా చేతకాదు. పొద్దుటి నుంచి ఎలా కడుపులో దాచుకుందో ఏమో. “పొద్దున్నే రాసినా, కుడిపక్కదానికే.”

“గంగమ్మను అడుగుదామన్నది నువ్వేగదమ్మా! ఆమె నోరు మూసి జవాబు నువ్వే చెప్పుకున్నావా?”

“ఔ, చెప్పుకున్నా.” ఈసారి వెనక్కి తిరిగింది. “ఆమె సరే అంటే నేనేం చేద్దును? చెప్పు. అడుగుదామంటిమి, అడిగినా. ఆమె సరే అనకుండా చూసుకున్నా.”

తల్లి మీద ఇంత కోపం పద్మప్రియకు జీవితంలో ఎన్నడూ రాలేదు. అరిచింది. అరుపు బావి గోడలకు తగిలి తిరిగొచ్చింది. అరిచినందుకు దగ్గు తెర వచ్చి మెట్టు మీద కూలబడింది. నారాయణమ్మ పరుగున వచ్చి వీపు నిమరబోతే చెయ్యి తోసేసింది.

“నన్ను ముట్టుకోవద్దు. నేను బతికినానని అందరూ సంబరపడతాండారు. నాకైతే ఆ సంగతి తెలీడం ల్యా. పొద్దున లేస్తా, మాత్రలు మింగుతా, ఎండ చూస్తా, పండుకుంటా. కెమెరా పట్టుకుంటే చేతులు వణుకుతాండాయి. అది నీరసమో బయమో నాకు తెలియాల. ఒక్కసారి దిగి, ఇంగ నాకు చేతకాదని తెలిసినా సాలు, సచ్చినట్టు ఒప్పుకుంటా. ఆ ఒక్కసారి గూడా నువ్వు ఇయ్యలేదు. ఆసుపత్రిలో నేను దేనికోసం బతకాలనుకున్నా అనుకున్నావు?”

“నాకు తెల్దు. నేను అడిగింది బిడ్డను. బిడ్డ ఏం పని చేసుకుంటాదో నేను అడగలా.”

పద్మప్రియ చేతిలోని చిరిగిన రెక్కలను నీళ్ళలోకి జారవిడిచింది.

నారాయణమ్మ ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. మాట మెల్లగా వచ్చింది. “నీకు తెలివి ల్యాకుండా ఉన్యావు అప్పుడు. నోట్లో గొట్టం. ఆ మిషను నీకు బదులు ఊపిరి తీస్తాండె. దాని మీదనే కండ్లు పెట్టుకోని కూచుంటి. అది ఒకసారి ఊపిరి తీస్తే నేనూ తీసేది, అది ఇడిస్తే నేనూ ఇడిసేది. తెల్లార్లూ అట్లనే. నేను ఆపితే అదీ ఆగిపోతాదేమోనని బయం. పిచ్చిదాని మాదిరి. అట్ల తెచ్చుకున్న ఊపిరే అది. ఇప్పుడు నువ్వు నీ అంతట నువ్వే దాన్ని బిగబట్టుకోని నీళ్ళల్లోకి పోతానంటాండావు. నేను ఎట్ల చూడాల?”

గాలి లేదు. నీటి మీద ఎండ ఒక అంచునుంచి దిగుతోంది. పద్మప్రియ తల్లి చేతుల వైపు చూసింది. జరీ కోసి కోసి గట్టిపడిన వేళ్ళు. ఆసుపత్రి సంగతి తల్లి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కొడుకు హరినాథ్‌కు, పద్మప్రియ అన్నకు, కూడా చెప్పినట్టు లేదు. కోపం ఉన్నట్టుండి ఎటో పోయింది. పోయినందుకే బాధేసింది. కోపమైతే మోయడం తేలిక.

“నేను నీళ్ళల్లో ఎట్లుంటానో నువ్వు ఎప్పుడన్నా చూసినావామ్మా?”

“యాడ చూసినా? నీ ఫోటోల్లో అన్నీ ఉంటాయి, నువ్వుండవు. ఆ పెద్ద చేప, ఆ ఎనిమిది కాళ్ళది, అన్నీ గోడకు తగిలించుకున్నా. వాటిని చూసినప్పుడల్లా ఇది తీసినప్పుడు నా బిడ్డ ఎంత లోతులో ఉండెనో అనుకుంటా. చూడనిదాని బయం నీకేం తెలుసు?”

“అయితే ఈ పొద్దు చూడు. అంతే. నీ కండ్ల ముందర, నువ్వు తాడు పట్టుకో. నువ్వు లేపమంటే లేస్తా.”

నారాయణమ్మ లేచి గూటి దగ్గరికి వెళ్ళి, రాయికి అంటుకున్న తొడిమను గోటితో గీకింది. నీళ్ళు చల్లి, చెంగుతో తుడిచి, మళ్ళీ గీకింది. ఇంకోసారి అడగబోతోందేమోనని పద్మప్రియ చూస్తూ ఉండిపోయింది.

“మళ్ళీ అడుగుతావా?”

“ఏ మొగం పెట్టుకోని అడుగుదు?” రాయికి కొత్తగా పసుపు రాస్తూ అంది నారాయణమ్మ. “మొక్కింది నేను. మోసం చేసింది నేను. అడిగేదుంటే ఆమె నన్ను అడుగుతాది, నిన్ను గాదు. నువ్వు దిగు.”

ఇలా అయింది అనుమతి. గంగమ్మ ఇచ్చింది కాదు, నారాయణమ్మ ఇచ్చింది. మనస్ఫూర్తిగా ఇచ్చిందని నేను చెప్పను. పిల్ల ఏడుపు చూడలేక పంచదార డబ్బా చేతికిచ్చే తల్లులను మీరూ చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే.

పద్మప్రియ నడుముకు తాడు కట్టుకుంది. రెండో కొస తల్లికిచ్చి, పైన కపిల కాలంలో పాతిన రాతిస్తంభం, కూసం అంటారు, ఒకటి మిగిలి ఉంటే దాన్ని చూపించింది. “దానికి రెండు చుట్లు తిప్పి కట్టు. కట్టినాక నువ్వు ఊరికే తాడు మీద చెయ్యి పెట్టుకోని ఉంటే సాలు. నేను రెండుసార్లు గుంజితే పైకి లాగు.”

“రాయికేం తెలుస్తాది లోపల నువ్వెట్లుండేది?” అంది నారాయణమ్మ. మగ్గం గుంటలో కూర్చున్ననాటి నుంచి పడుగు ఎంత బిగువుగా ఉందో తాడు పట్టుకుని చెప్పగల మనిషి ఆమె. తన చేతిని నమ్మినంతగా దేన్నీ నమ్మదు.

“రాయి జారదమ్మా. కట్టు.”

“సరేలే. పో.”

నీళ్ళు మోకాళ్ళకు, నడుముకు, రొమ్ముకు వచ్చాయి. ఎండాకాలం మిగిల్చిపోయిన వేడి పైన, బావి చలి కింద. పద్మప్రియ మాస్కు తగిలించుకుని మొహం నీళ్ళలో పెట్టింది. అంతే. లోపల ఆకుపచ్చటి వెలుగు ఒక్కసారిగా మీదికి వచ్చింది. గొంతులో ఆ గొట్టం మళ్ళీ దిగినట్టయింది. ఊపిరి బిగబట్టింది తానే అన్న సంగతి ఒళ్ళు మరిచిపోయి ఎవరో నొక్కేస్తున్నట్టు కొట్టుకుంది. పైకి లేచి, మాస్కు పీకేసి, మెట్టు పట్టుకుని దగ్గింది.

చేతకాదని తెలిసిపోయింది అనుకుంది. ఇంత తొందరగా తెలుస్తుందనుకోలేదు. సిగ్గుతో తల్లి వైపు చూసింది. నారాయణమ్మ మొహంలో రక్తం లేదు. ఒక్కమాటంటే చాలు, కూతురు బయటికి వచ్చేసేది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా రావడం పద్మప్రియ కళ్ళారా చూసింది.

“కుదురుగా తీసుకోమే ఊపిరి,” అంది నారాయణమ్మ. “ఏమి తరుముకోని వస్తాండాదని? నాతో పాటు తీసుకో. ఊ, ఇడువు. ఊ, ఇంగోసారి.”

తల్లి గుండె పైకి కిందికి కదలడం చూస్తూ పద్మప్రియ ఊపిరి తీసుకుంది. మళ్ళీ తీసుకుంది. దగ్గు తగ్గింది. ఇంకొకసారి నిండుగా తీసుకుని, కెమెరా రొమ్ముకు ఆనించుకుని, తల ముంచింది.

ఈసారి నీళ్ళు ఆమెను ఏమీ అనలేదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి రావడంతో వెలుగు నిలువుగా దిగి రాతిగోడల మీది నాచును వెలిగిస్తోంది. చెవుల్లో ఆ పాత నిశ్శబ్దం. ఎంత కాలమైంది! ఒళ్ళు బరువు పోయింది. మాత్రల బరువు, జాలి చూపుల బరువు కూడా పోయింది. ఒక నిలువు లోతున, మునిగిన మెట్ల పక్కన, కుంకుమరంగు పట్టుపోగుల చిలప విప్పినట్టు కొర్రమీను పిల్లలు కదిలాయి. వందలు, వేలు. అన్నీ ఒకేసారి తిరుగుతాయి, ఒకేసారి ఆగుతాయి. వాటి కింద నీడలో నల్లగా, మోచేయంత పొడవున తల్లో తండ్రో, రెప్పలేని కళ్ళతో ఈమెనే చూస్తోంది.

పద్మప్రియ కెమెరా ఎత్తింది. చేతులు వణకలేదు.

ఒకటి తీసింది. పైకి లేచి ఊపిరి పీల్చుకుని, తల్లికి చెయ్యి ఊపి, మళ్ళీ మునిగింది. ఇంకో రెండు తీసింది. నవ్వొచ్చింది, నవ్వితే మాస్కులోకి నీళ్ళొచ్చాయి. పెద్ద చేప ఊపిరి కోసం పైకి వెళ్ళి గుటకేసి వచ్చింది. దానికీ గాలి కావాలి పాపం, నీళ్ళలోనే పుట్టినా. గుంపు దాని వెంట మెల్లగా కిందికి జరిగింది. మెట్ల అంచు దాటి, గోడలో రాయి ఊడిన ఒక బొరియ వైపు. ఆ బొరియ ముందు వెలుగు పడి ఉంది. పిల్లలన్నీ ఆ వెలుగులోకి రాబోతున్నాయి. ఇలాంటి క్షణం కోసం అండమాన్‌లో నెలలు కాచుకున్న రోజులున్నాయి.

ఇంకొంచెం కిందికి పోతే దొరుకుతుంది. డాక్టరు చెప్పిన లోతు దాటిందని ఆమెకు తెలుసు. తెలిసే పోయింది.

నడుము దగ్గర తాడు బిగిసింది. పైన ఏ మెట్టు అంచుకో తట్టుకుని ఉంటుందనుకుంది. కళ్ళు చేపల మీదనే ఉంచి, ఎడమచేత్తో తాడును ఒకసారి గుంజింది. రాలేదు. గట్టిగా ఇంకోసారి గుంజింది.

గుంజాక గుర్తొచ్చింది, రెండుసార్లు గుంజడమంటే తల్లికి ఏమని చెప్పి దిగిందో.

తలపైన వెలుగు పగిలింది. నీళ్ళు అదిరి, కొర్రమీను పిల్లలు నాలుగు దిక్కులా చెల్లాచెదురయ్యాయి. బుడగల మధ్య ఏదో పెద్దగా, తెల్లగా పడింది. బుడగలు తేలిపోయాక కనబడింది, చీర. చీర నిండా నీళ్ళు నిండుతున్నాయి. రాతికి కట్టమన్న తాడు నారాయణమ్మ నడుముకు, కొంగు మాటున, కట్టి ఉంది. నేతగాళ్ళు తెగిన పోగుకు వేసే ముడి, ఎంత లాగినా ఊడనిది. జన్మలో ఈత ఎరగని మనిషి, చేతులు నీళ్ళలో దేనికోసమో తడుముకుంటూ, మెట్ల అంచు దాటి బావి నడిమి లోతులోకి దిగిపోతోంది. ఆమె బరువుకు పద్మప్రియ నడుము ఒక్క ఊపున అటు లాగబడింది.

రొమ్ములో అప్పుడే మంట మొదలైంది. పైకి చేరడానికి మాత్రమే సరిపోయే ఊపిరి మిగిలి ఉంది ఆమెలో. పద్మప్రియ కెమెరాను వదిలేసి కిందికి తిరిగింది.